శనివారం ఎనిమిదో పీరియడ్: సృజనాత్మకత

మామిడికాయలు మార్కెట్లోకి రాకముందే మన ఊళ్ళలోకి స్కూలు పాంప్లెట్లు దిగుతాయి. పొద్దున్నే పేపరు మడత విప్పితే ఒళ్ళో పడతాయి. కొన్నేళ్ళ కిందటి దాకా వాటి నిండా ర్యాంకులుండేవి. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అంటూ టీవీలో ఊపిరి తీసుకోకుండా చదివేవాళ్ళే, ఆ అంకెలు. ఇప్పుడూ ఉన్నాయి గానీ వెనకపేజీకి జరిగాయి. ముందుపేజీలో కళ్ళకు పెద్ద హెడ్‌సెట్ తగిలించుకుని, నోరు తెరిచి ఆకాశంలోకి చూస్తున్న పాప ఉంటుంది. ఆ పాప కింద పెద్దక్షరాల్లో ఒక హామీ: మీ బిడ్డలో దాగి ఉన్న సృజనాత్మకతను వెలికి తీస్తాం! పిల్లల లోపల దాగి ఉన్నదాన్ని వెలికి తీస్తామని ఇదివరకు హామీ ఇచ్చింది నులిపురుగుల మందువాళ్ళొక్కరే. వాళ్ళు ఒక్క మాత్రతో సరిపెట్టేవాళ్ళు. వీళ్ళు టర్ముకింతని వసూలు చేస్తారు.

నమ్మకం లేకపోతే వచ్చి చూసుకోమంటారు. "రండి సార్, రండి మేడమ్" అంటూ పీఆర్వో గారు ముందు నడుస్తారు. మొదట డిజిటల్ క్లాస్‌రూమ్. గోడంత తెర మీద ఒక ఆకు బొమ్మ, దానిలోకి సూర్యకిరణాలు బాణాల్లా దిగుతూ ఉంటాయి. కిరణజన్య సంయోగక్రియ. కిటికీ అవతల నిజం వేపచెట్టు ఒకటి పొద్దుటి నుంచీ అదే పని చేస్తూ నిలబడి ఉంటుంది. దానికి ఏటా లైసెన్సు రెన్యువల్ లేదు కాబట్టి దానివైపు ఎవరూ చూడరు. తర్వాత ల్యాంగ్వేజ్ ల్యాబ్. ఆ తర్వాత, ఆఖర్న, గొంతు కాస్త తగ్గించి, గర్భగుడి ముందు నిలబెట్టినట్టు నిలబెట్టి, "ఇది మా ఇన్నోవేషన్ ల్యాబ్ సార్" అంటారు. తలుపుకి తాళం. అద్దంలోంచి చూడాలి. లోపల గోడ మీద నాలుక బయటపెట్టిన ఐన్‌స్టీన్. బల్లల మీద పెట్టెలు, పెట్టెల మీద పాలిథిన్ కవర్లు, కవర్ల మీద దుమ్ము.

"సార్ లీవులో ఉన్నారండి. తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది."

ఐన్‌స్టీన్ నాలుక ఎవరి కోసం బయటపెట్టాడో అప్పుడు అర్థమవుతుంది.

ఆ ల్యాబ్ ఎప్పుడు తెరుస్తారో తెలుసుకోవాలంటే టైంటేబుల్ చూడాలి. లెక్కలకు రోజుకు రెండు పీరియడ్లు. ఫిజిక్స్‌కు ఒకటి, ఐఐటీ ఫౌండేషన్ పేరుతో అదే ఫిజిక్స్‌కు ఇంకొకటి. పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్. సృజనాత్మకతకు శనివారం ఎనిమిదో పీరియడ్ ఇచ్చారు. సోమవారం పొద్దున వీక్లీ టెస్ట్ ఉంటుంది కాబట్టి ఆ పీరియడ్‌ని లెక్కల సార్ అడిగి తీసుకుంటారు. అడగడం మర్యాద కోసం.

ఇదంతా ప్రైవేటువాళ్ళ మాయ అనుకుని సర్కారు వైపు మురిపెంగా చూసేవాళ్ళుంటారు. అక్కడికీ వెళ్దాం. నీతి ఆయోగ్ 2016లో అటల్ ఇన్నోవేషన్ మిషన్ మొదలుపెట్టి, స్కూళ్ళలో అటల్ టింకరింగ్ ల్యాబులు పెట్టించింది. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా పిల్లలు తమ చేతులతో ఏదో ఒకటి విప్పి, బిగించి, కాల్చుకుని, మళ్ళీ చేసి నేర్చుకోవాలని ఉద్దేశం. స్కూలుకి 20 లక్షలు. సామాను కొనడానికి 10, ఐదేళ్ళు నడపడానికి 10. దేశం మొత్తం మీద 10,000 ల్యాబులు పెట్టారు. చాలవని 2025 బడ్జెట్‌లో ఇంకో 50,000 పెడతామన్నారు. ఉద్దేశంలో వంక పెట్టడానికి లేదు. త్రీడీ ప్రింటర్, ఆర్డుయినో బోర్డులు, సెన్సార్లు, సోల్డరింగ్ ఐరన్ అన్నీ వచ్చాయి. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లోనే శని.

ఆ శని పేరు స్టాక్ రిజిస్టర్.

సామాను దిగిన రోజే హెచ్చెం గారు సైన్సు మాస్టారిని గదిలోకి పిలుస్తారు. "మాస్టారూ, పిల్లల చేతికిస్తే పగలగొడతారండీ. రేపు ఆడిట్‌లో ఎవరు సమాధానం చెప్పాలి? మీరా, నేనా?" మాస్టారికి పిల్లలంటే ఇష్టమే, పెన్షనంటే ఇంకా ఇష్టం. దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సార్ బజార్లో నూటయాభై రూపాయలకు దొరుకుతుంది. అది కాలిపోతే రిజిస్టర్లోంచి కొట్టేయడానికి కావలసిన సంతకాల విలువ మాత్రం అంతకు పదింతలు. అందుకని అది పెట్టెలోనే క్షేమంగా ఉంటుంది. త్రీడీ ప్రింటర్ ప్రారంభోత్సవం రోజున ఒకసారి పనిచేసింది. ముఖ్య అతిథిగారి పేరుతో ఒక కీచైన్ తీసి ఇచ్చింది. తాళాల గుత్తికి తగిలించుకునే వస్తువు కదా, సందర్భోచితం.

హెచ్చెం గారిని తిట్టి లాభం లేదు. వస్తువు పాడైతే సంజాయిషీ అడిగే ఏర్పాటుంది, వస్తువు వాడకపోతే అడిగే ఏర్పాటు ఎక్కడా లేదు. మన బడుల్లో పెట్టెల చరిత్ర మొదటి నుంచీ ఇంతే. 1975 ఆగస్టులో అమెరికా ఉపగ్రహాన్ని ఏడాదిపాటు అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపారు. మన తెలుగు పల్లెలూ అందులో ఉన్నాయి. పొద్దున పూట ప్రసారం ప్రత్యేకంగా బడిపిల్లలకే. ఏడాది కాగానే ఉపగ్రహాన్ని వాళ్ళు వెనక్కి తీసుకుపోయారు. తర్వాత రేడియో సెట్లు వచ్చాయి, రంగుల టీవీలు వచ్చాయి, కంప్యూటర్లు, ప్రొజెక్టర్లు, గోడకు తగిలించే ప్యానెళ్ళు వచ్చాయి. ప్రతి పెట్టె వచ్చినప్పుడూ ఇక చదువు మారిపోయిందన్నారు. పెట్టె మారింది, బీరువా కూడా మారింది. తాళం మాత్రం పాతదే.

ఇక సృజన కళ్ళారా చూడాలంటే జిల్లా సైన్స్ ఫెయిర్‌కి రావాలి. ఇన్‌స్పైర్ మానక్ పథకం కింద కేంద్రం ఒక్కో ఎంపికైన ఆలోచనకు 10,000 రూపాయలు ఇస్తుంది. హాల్లో అడుగుపెట్టగానే స్మార్ట్ డస్ట్‌బిన్ ఎదురవుతుంది. దాని పక్క బల్ల మీద అంధుల కోసం స్మార్ట్ కర్ర. ఆ పక్కన నీళ్ళ ట్యాంకు నిండితే కూసే అలారం. ఆ పక్కన ఇంకో స్మార్ట్ డస్ట్‌బిన్, ఇది వేరే మండలానిది. రెండింట్లో ఉన్న ప్రోగ్రాం ఒకే యూట్యూబ్ వీడియో కింద నుంచి ఎత్తుకొచ్చింది.

ఒక డస్ట్‌బిన్ దగ్గర ఆగుదాం. అట్టపెట్టెకు ఆకుపచ్చ రంగు కాగితం అంటించారు. ముందు రెండు గుండ్రటి కళ్ళతో సెన్సార్. చెయ్యి దగ్గరకు పెడితే చిన్న సర్వో మోటారు కిర్రుమని మూత తెరుస్తుంది. చెత్తబుట్ట మూత చేత్తో తీయడం ఈ రాష్ట్రాల్లో ఎవరికీ ఎన్నడూ సమస్య కాలేదు. నిండిన బుట్టని తీసుకెళ్ళే బండి రాకపోవడమే సమస్య. ఆ సంగతి పిల్లవాణ్ణి ఎవరూ అడగలేదు, వాడికి కంఠతా వచ్చిన ఇంగ్లీషు వివరణలో అది లేదు కూడా. "గుడ్ మార్నింగ్ సార్, మై ప్రాజెక్ట్ నేమ్ ఈజ్" దగ్గర మొదలై "థాంక్యూ సార్" దగ్గర ఆగే టేపు అది. మధ్యలో ప్రశ్న వేస్తే మళ్ళీ మొదటి నుంచి వస్తుంది.

పెద్దాఫీసరు గారు వచ్చి చెయ్యి చాపారు. మూత తెరుచుకోలేదు. గైడ్ టీచరు మొహం మాడిపోయింది. అప్పుడు ఆ పిల్లవాడు, టేపు ఆపేసి, ఒంగి, మూడు వైర్లను ఒక్కొక్కటిగా వేలితో కదిపి, వదులైనదాన్ని పట్టుకుని బ్రెడ్‌బోర్డులోకి గట్టిగా నొక్కాడు. మూత కిర్రుమంది. అందరూ చప్పట్లు కొట్టారు, మూతకు. ఆ హాల్లో ఆ రోజు మొత్తం మీద జరిగిన చదువు ఏదన్నా ఉంటే, ఆ అరనిమిషమే. జడ్జీల ఫారంలో దానికి కాలమ్ లేదు. ప్రెజెంటేషన్‌కు మార్కులున్నాయి, చార్టు అందానికీ ఉన్నాయి. వైరు వదులైనందుకు పిల్లవాడికి మార్కులు తగ్గాయి.

వాడు పెరిగి బీటెక్‌కి వస్తాడు. ఈలోగా సంగతి పూర్తిగా బోధపడి ఉంటుంది కాబట్టి, ఫైనలియర్ ప్రాజెక్టు కోసం తిన్నగా అమీర్‌పేట వెళతాడు. మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీద అంతర్జాతీయ సంస్థల పరిశోధనాపత్రాల పేర్లు సినిమా పోస్టర్ల పక్కనే ఉంటాయి. జావా కావాలా, పైథాన్ కావాలా, డాక్యుమెంటేషన్‌తో సహానా, వైవాకి ట్రైనింగ్ కూడానా అని అడుగుతారు. నలుగురు పంచుకుంటే తలకు తక్కువ పడుతుంది. సొంతంగా చేస్తానన్నవాడిని బ్యాచ్‌మేట్లు జాలిగా చూస్తారు, గైడు భయంగా చూస్తాడు. సొంతంగా చేసింది పనిచేయకపోవచ్చు కదా! అమీర్‌పేటది గ్యారంటీ.

అసలు కంప్యూటర్ని పిల్లల చేతికి ఇమ్మని మొదట గట్టిగా అడిగినవాళ్ళలో సేమూర్ పాపర్ట్ ఒకడు. దక్షిణాఫ్రికాలో పుట్టిన లెక్కల మనిషి. జెనీవాలో పిల్లల మనస్తత్వవేత్త పియాజే దగ్గర పనిచేసి, తర్వాత ఎంఐటీలో చేరాడు. 1967లో తోటివాళ్ళతో కలిసి లోగో అనే ప్రోగ్రామింగ్ భాష తయారుచేశాడు. తెర మీద ఒక తాబేలు ఉంటుంది. ముందుకు పొమ్మంటే పోతుంది, తిరగమంటే తిరుగుతుంది, నడిచిన దారంతా గీత గీస్తుంది. పిల్ల ఇల్లు గీయబోతుంది, పైకప్పు పక్కకు పడిపోతుంది. అక్కడే ఆయన కిటుకంతా. ఆ పిల్ల తాను మొద్దునని అనుకోదు. ఎక్కడ ఎన్ని డిగ్రీలు ఎక్కువ తిప్పిందో వెతుకుతుంది. తప్పు అక్కడ నేరం కాదు, సరిచేసుకోవలసిన చిక్కు. కంప్యూటర్ పిల్లకు పాఠం అప్పజెప్పే యంత్రంగా కాకుండా, పిల్ల కంప్యూటర్‌కి పాఠం చెప్పాలన్నది 1980లో వచ్చిన ఆయన పుస్తకం సారాంశం.

ఆ తాబేలు సముద్రాలు దాటి మన కంప్యూటర్ పీరియడ్‌లోకి వచ్చింది. వచ్చాక ఏమైందంటే, లోగో ఆదేశాలు అయిదు రాయుము, రెండు మార్కులు. తాబేలు తెర మీద ఏ ఆకారంలో కనిపిస్తుంది? ఒక మార్కు. సిస్టమ్స్ పదిహేను, పిల్లలు అరవైమంది కాబట్టి ప్రాక్టికల్ బోర్డు మీద సుద్దముక్కతో జరిగింది. సుద్దముక్క గీసిన ఇంటికి పైకప్పు ఎన్నడూ పడిపోలేదు.

బడిలో దొరకని కోడింగ్ ఇంట్లోనే నేర్పుతామని 2020 లాక్‌డౌన్లో ఒక దండు బయల్దేరింది. ఆ ఏడాదే జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచి కోడింగ్ అనింది, ఇంకేం కావాలి? వైట్‌హ్యాట్ జూనియర్ ప్రకటనల్లో వుల్ఫ్ గుప్తా అనే కుర్రాడు వెలిశాడు. కోడింగ్ నేర్చుకుని గూగుల్‌లో కోట్ల జీతం కొట్టేశాడన్నారు. ఒక ప్రకటనలో వాడికి తొమ్మిదేళ్ళు, ఇంకోదాంట్లో పదమూడు. జీతం కూడా ప్రకటనకొక తీరుగా పెరిగింది. చివరికి ఆ కుర్రాడే లేడని, కల్పిత పాత్ర అని కంపెనీ ఒప్పుకుంది. ప్రకటనల ప్రమాణాల మండలి చెప్పాక కొన్ని ప్రకటనలు తీసేశారు. ఆ కంపెనీ పనితీరును నెట్‌లో ఎత్తిచూపిన ఒక ఇంజనీరు మీద 20 కోట్ల పరువునష్టం దావా వేసి, తర్వాత వెనక్కి తీసుకున్నారు. ప్రశ్నించే తత్వం పెంచుతామన్న కంపెనీకి మొదట దొరికిన ప్రశ్న అదే మరి. నిజాయితీగా చెప్పాలంటే పిల్లల సృజన పేరుతో ఆ ఏడాది ఈ దేశంలో పుట్టిన అతి గొప్ప సృష్టి వుల్ఫ్ గుప్తానే. పుట్టించింది పిల్లలు కాదు, ప్రకటనలు రాసేవాళ్ళు.

అదే ఏడాది ఆగస్టులో ఆ కంపెనీని 30 కోట్ల డాలర్లకు కొన్న బైజూస్‌తో, 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. పాఠాలు వాళ్ళు ఉచితంగా ఇస్తారు, ట్యాబులు ప్రభుత్వం కొంటుంది. ఆ డిసెంబర్ 21న, అంటే అప్పటి ముఖ్యమంత్రి గారి పుట్టినరోజున, బాపట్ల జిల్లా యడ్లపల్లిలో పంపిణీ మొదలైంది. ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్ళ టీచర్లకూ కలిపి ఐదు లక్షల పైచిలుకు ట్యాబులు. పాఠం తప్ప ఇంకేమీ తెరుచుకోకుండా వాటికి సాఫ్ట్‌వేర్ తాళం వేశారు. 2024 జూలైలో బైజూస్ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. అది వేరే కథ. నాకు నచ్చిన కథ మధ్యలో ఉంది. కొందరు పిల్లలు ఆ తాళం తీసేసి గేములు ఆడుతున్నారని, సినిమాలు చూస్తున్నారని పేపర్లలో వచ్చింది. పెద్దలందరూ గుండెలు బాదుకున్నారు.

నేను ఆ వార్త చదివి కాఫీ రెండోసారి పెట్టించుకున్నాను. పదమూడేళ్ళ పిల్లలు, ఎవరూ పాఠం చెప్పకుండా, మాన్యువల్ లేకుండా, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుని, తప్పుల మీద తప్పులు చేసి, మళ్ళీ మొదలుపెట్టి, కంపెనీ ఇంజనీర్లు వేసిన తాళం తీశారు. సమస్య వాళ్ళదే, పరిష్కారం వాళ్ళదే. స్నేహితుడికి చూపించి నేర్పింది కూడా వాళ్ళే. కొత్త బోధనా పద్ధతుల పుస్తకాల్లో సహచర అభ్యసనం, సమస్యా పరిష్కారం, అన్వేషణ అంటూ వరసగా రాసేదంతా ఇదే కదా? అందరూ తామే తీశారని అనను. బజార్లో సెల్‌ఫోన్ షాపువాడికి డబ్బులిచ్చి తీయించుకున్నవాళ్ళూ ఉంటారు. వాళ్ళు అమీర్‌పేట దారిలో ముందే బయల్దేరారు. సినిమా చూసినందుకు మందలించవలసిందే. తాళం ఎలా తీశావురా అని మాత్రం ఒక్కరైనా అడిగి ఉంటే బాగుండేది. అడగకపోగా, తర్వాత ఇంకా గట్టి తాళం గురించి ఆలోచించారు.

పిల్లలకు ట్యాబు వచ్చిందిగానీ, సాంకేతిక విప్లవం నిజంగా తలకెక్కింది టీచర్లకే. పొద్దున బడికి వెళ్ళగానే మొహం చూపించి యాప్‌లో హాజరు. సిగ్నల్ కోసం చెట్టెక్కినవాళ్ళూ గట్టెక్కినవాళ్ళూ ఉన్నారు. తర్వాత పిల్లల హాజరు. తర్వాత గుడ్లెన్ని, చిక్కీలెన్ని. ఆంధ్రాలో కొన్నాళ్ళు మరుగుదొడ్లకు ఫొటోలు తీసి రోజూ అప్‌లోడ్ చేయమన్నారు. పాఠం చెప్పడానికి ఎమ్మెస్సీ బీఈడీ చదివిన మనిషి దొడ్డి ముందు ఫోను పట్టుకుని, వెలుతురు చూసుకుని, కోణం సరిచూసుకుంటూ నిలబడ్డాడు. కళాపోషణ కాదని ఎవరనగలరు? ఆ సారు తరగతిలోకి వచ్చేసరికి మిగిలిన పావుగంటలో కొత్త పద్ధతిలో పిల్లల ఊహాశక్తిని రేకెత్తించాలి. రేకెత్తించినట్టు ఫొటో కూడా పెట్టాలి.

అసలు మాటకొస్తే మనకు సృజనాత్మకత లేదనడం అన్యాయం. పరీక్షలోనే ఉంది. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో ప్రతి పాఠం చివర సృజనాత్మకత అని ఒక శీర్షిక, పదో తరగతి ప్రశ్నపత్రంలో దానికి మార్కులు. పచ్చదనం గురించి కరపత్రం రాయండి, ఫలానా కవిని ఇంటర్వ్యూ చేయడానికి ప్రశ్నలు తయారుచేయండి, సంభాషణగా మార్చండి. పెట్టినవాళ్ళ మనసు మంచిదే. ప్రశ్న వచ్చిన ఏడాదే గైడు వచ్చింది. గైడులో పచ్చదనం మీద కరపత్రం, ప్లాస్టిక్ మీద కరపత్రం, వరకట్నం మీద కరపత్రం. మూడింటికీ మొదలు "ప్రియమైన ప్రజలారా!" అనే. చివర "ఇట్లు, పర్యావరణ పరిరక్షణ సమితి". వరకట్నానికి కూడా కొందరు పర్యావరణ పరిరక్షణ సమితి పేరే రాస్తారు, బట్టీలో పేజీ తిరగబడి.

ఒక పిల్ల నిజంగా ఆలోచించి, కరపత్రాలు పంచితే జనం రోడ్డు మీదే పారేస్తారు కాబట్టి, పచ్చదనం గురించి కరపత్రం వేయడం కంటే వేయకపోవడమే మేలని రాసిందనుకోండి. వాల్యుయేషన్ క్యాంపులో మండుటెండలో రోజుకిన్నని పేపర్లు దిద్దే మాస్టారు దాన్ని ఏం చేస్తాడు? ఆయన చేతిలో ప్రిన్సిపల్స్ ఆఫ్ వాల్యుయేషన్ కాగితం ఉంది. శీర్షికకు అర, సంబోధనకు అర. పాప శీర్షిక పెట్టలేదు. ఆ పిల్ల ఇంటికి వెళ్ళి మిగతా జీవితమంతా శీర్షిక పెట్టి బతుకుతుంది.

సృజనను కొలవడం లోకంలో అసాధ్యమేమీ కాదు. 2022లో ఓఈసీడీ అనే దేశాల కూటమి తన పీసా పరీక్షలో పదిహేనేళ్ళ పిల్లలకు సృజనాత్మక ఆలోచన మీద కూడా పరీక్ష పెట్టింది. 2024లో ఫలితాలొచ్చాయి, సింగపూర్ మొదటి స్థానం. మన స్థానం వెతక్కండి, మనం రాయలేదు. 2009 విడతలో తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ లెక్కలు, సైన్సు, చదవడం పరీక్షలు రాసి కిర్గిజ్‌స్థాన్‌తో కలిసి పట్టిక అట్టడుగున నిలిచాయి. ఆ తర్వాత 2022 దాకా మనం ఆ పరీక్ష రాయలేదు. ఎల్‌కేజీ సీటుకు పరీక్ష, నాలుగో తరగతిలో ఒలింపియాడ్, ఆరులో ఫౌండేషన్ టెస్టు అంటూ పరీక్షలకు ప్రాణమిచ్చే దేశం, వెన్నిచ్చి పారిపోయిన పరీక్ష ఇదొక్కటే.

ఈ సందట్లోకి ఏఐ వచ్చింది. దసరా సెలవుల హోంవర్క్: "చెరువు ఆత్మకథ సృజనాత్మకంగా రాయండి". పిల్లవాడు నిద్రపోయాక అమ్మ ఫోన్లో అడుగుతుంది. చెరువు వెంటనే చెప్పడం మొదలుపెడుతుంది, తాను ప్రకృతి మాత ఒడిలో పుట్టానని. ఆ రాత్రి తరగతిలోని నలభై చెరువులూ ప్రకృతి మాత ఒడిలోనే పుట్టాయి. సెలవులయ్యాక టీచరమ్మ నలభై ఆత్మకథల్నీ తన ఫోనుకి చూపించి, ఒక్కోదానికి రెండు వాక్యాల ప్రశంస రాయించింది. అమ్మ చదివి మురిసిపోయింది. సర్వరే రాసింది, సర్వరే మెచ్చుకుంది, మధ్యలో ఉన్న మనుషులు కాపీ, పేస్టు. ఊరి బయట చెరువు సగం ప్లాట్లయి, మిగతా సగం గుర్రపుడెక్కతో అక్కడే ఉంది. పిల్లల్ని అక్కడికి నడిపించుకెళ్ళాలంటే ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జ్ పర్మిషన్ కావాలి, తల్లిదండ్రుల సంతకం కావాలి. ఏఐకి ఏ సంతకమూ అక్కర్లేదు. అదే ఫోన్ని పట్టుకుని పిల్లలు చెరువు గట్టుకు వెళ్ళి, చేపలు పట్టే తాతని "ఏం తాతా, మునుపు నీళ్ళు ఎక్కడిదాకా ఉండేవి?" అని అడిగి రికార్డు చేసుకొచ్చి, అప్పుడు ఏఐ రాసిన ఆత్మకథలో ఎన్ని అబద్ధాలున్నాయో పట్టుకుని ఉంటే ఆ యంత్రానికి కూడా గౌరవం దక్కేది.

ఇలాంటివి మనకు చేతకాక కాదు. జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపీఈపీ) రోజుల్లోనూ ఆ తర్వాతా టీచరుకి ఏడాదికి 500 రూపాయలు బోధనోపకరణాల కింద ఇచ్చేవారు. అగ్గిపెట్టెలు, సీసామూతలు, చింతగింజలు, పదేసి చొప్పున కట్టిన చీపురుపుల్లలు. పుల్లల కట్ట విప్పి తీసివేతలో అప్పు తేవడం నేర్పిన పంతులమ్మలు ఊరికొకరుండేవారు. చింతగింజ పోతే ఆడిట్ అభ్యంతరం లేదు, పిల్లలే ఇంకో గుప్పెడు తెచ్చేవారు. కొందరు ఆ ఐదువందలకూ రంగు చార్టులు కొని మేకుకు తగిలించారు, అదీ నిజమే. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్ళు చిన్న చిన్న పల్లెబడుల కోసం కార్డుల పద్ధతి తయారుచేశారు. పిల్ల తన నిచ్చెనలో తన మెట్టు ఎక్కడో తనే చూసుకుని, తన కార్డు తనే తీసుకుంటుంది. తరగతి మొత్తం ఒకేసారి ఒకే పేజీ తిప్పక్కర్లేదు. దాని స్ఫూర్తితోనే చెన్నై కార్పొరేషన్ బడుల్లోనూ, తర్వాత తమిళనాడు అంతటా అలాంటి పద్ధతి పెట్టారు. ఇంట్లో పుట్టిన పద్ధతిని పక్కింటివాళ్ళు పెంచుకుంటే, మనం ఫిన్లాండ్ ఫొటోలు బ్రోచర్లో వేసుకుంటున్నాం.

అమ్మానాన్నల సంగతి చెప్పకుండా ఆగితే పక్షపాతమవుతుంది. అడ్మిషన్ రోజున సృజనాత్మకత ఉందా అని అడిగేది మనమే. పేరెంట్స్ మీటింగ్‌లో "మావాడు ఇంట్లో ప్రతిదీ విప్పేస్తాడండీ, కాస్త కంట్రోల్ చేయండి" అని చెప్పేదీ మనమే. పాత మిక్సీ మోటారు ఊడదీసి ఫ్యాను చేయబోయి ఫ్యూజు కొట్టేసిన పిల్లకు ఆ రాత్రి తిట్లే భోజనం. మర్నాడు ఆ పిల్లనే నెలకింతని కట్టి రోబోటిక్స్ క్లాసుకి పంపుతాం. అక్కడ కిట్‌లో భాగాలన్నీ నంబర్లేసి ఉంటాయి, ఒకటో నంబరు రెండో నంబర్లో తప్ప ఇంకెక్కడా పట్టదు. ఏదీ చెడిపోదు, ఏ ఫ్యూజూ పోదు. చివరికి బోనస్‌గా సర్టిఫికెట్. మనకు కావలసిన సృజన అది: ఇల్లు మురికి కాకుండా, మిక్సీ పాడవకుండా, ర్యాంకు జారకుండా వచ్చేది. అమ్మేవాళ్ళకు ఆ సంగతి మనకంటే ముందే తెలుసు.

కాబట్టి ఈ ఏడాది అడ్మిషన్‌కి వెళ్ళినప్పుడు పీఆర్వో గారు ల్యాబ్ చూపిస్తానంటే వద్దనండి. స్మార్ట్‌బోర్డు ఎన్ని అంగుళాలో అడగకండి. ల్యాబులో పగిలిన సామాను రాసే రిజిస్టర్ ఒకసారి తెప్పించమనండి. కాలిపోయిన సెన్సార్లు, విరిగిన గేర్లు, తెగిన వైర్లు, మాడిన మోటార్లు పేజీల నిండా ఉంటే అక్కడే కూర్చుని అప్లికేషన్ నింపేయండి. రిజిస్టర్ తెల్లగా మెరుస్తూ ఉంటే మాత్రం, ఇచ్చిన కూల్‌డ్రింక్ తాగి, పాంప్లెట్ అక్కడే పెట్టేసి, ఫీజు కట్టకుండా బయటకు రండి.